మీనాక్షి చూసిన ఊరు

ఈ వారం మనం మాట్లాడుకోబోయే వస్తువు మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. వెతకనక్కరలేదు. వీధి తలుపు దగ్గరికి వెళ్ళి, గడియకు మూరెడు పైన చిన్న కంతలో బిగించిన గాజుబిళ్ళకు కన్ను ఆనించి చూడండి. అవతల నిలబడ్డ పెద్దమనిషి ముక్కు బూరెలా ఉబ్బి, చెవులు వెనక్కి పోయి, కాళ్ళు రెండూ కలిపి గుప్పిట్లో పట్టేటంత అయిపోయి కనిపిస్తాయి. ఆయన వెనక మెట్లు, పక్కింటివారి చెప్పులు, లిఫ్టు తలుపు, గోడమీది దీపం, అన్నీ కలిసి ఒక రూపాయి బిళ్ళలో ఇమిడిపోతాయి. ఎంత అందగాడైనా సరే, ఆ కంతలోంచి చూస్తే అప్పు వసూలుకు వచ్చినవాడిలాగానే ఉంటాడు.

అపార్టుమెంట్లు రాకముందు పెరిగిన వాళ్ళకు ఇంకొక సాధనం ఉండేది: చింతపండు పెట్టి తోమిన ఇత్తడి చెంబు. దాని పొట్టమీద తన ముఖం చూసుకుని నవ్వుకోని పిల్ల ఉంటుందా? ఇప్పుడు చెంబు లేకపోతే స్టీలు గరిటె వెనక్కి తిప్పి పట్టుకోండి. వంటిల్లంతా అందులో ఉంటుంది. కిటికీ ఉంటుంది, పొయ్యి గట్టు ఉంటుంది, పైన పంకా ఉంటుంది. మధ్యలో అన్నింటికంటే పెద్దగా మీరుంటారు. వంటింట్లో మనం అంత ముఖ్యులమని గరిటె ఒక్కటే ఒప్పుకుంటుంది.

ఇలా చూసే గాజుకన్నును కెమేరాకు తగిలిస్తే దానిని ఫిష్ ఐ లెన్సు అంటారు. చేపకన్ను అన్నమాట. తన ముందున్న అర్ధగోళాన్నంతా, అంటే ఎడమ భుజం నుంచి కుడి భుజం దాకా, కాలి బొటనవేలి నుంచి నడినెత్తిమీది ఆకాశం దాకా, ఒక్క గుండ్రటి బొమ్మలో కూరుతుంది. మా పాత విద్యార్థులు కొందరు నెలకొక ఆదివారం కెమేరాలు మెడలో వేసుకుని ఊరు తిరుగుతూంటారు. ఈమధ్య వాళ్ళు తలా కాస్త వేసుకుని అటువంటి పాత లెన్సు ఒకటి కొన్నారు. "మేడమ్, ఈసారి మీరూ రండి. దీనికి తెలుగులో మంచి పేరు పెట్టాలి" అని పిలిచారు. పేరు పెట్టమంటే తెలుగు మాష్టార్లు ఎక్కడికైనా వస్తారని వాళ్ళకు తెలుసు.

పేరుకేం, "మీనాక్షి" అన్నాను. మీనాక్షి అన్నా, మీనలోచన అన్నా చేపలవంటి కన్నులు గలది అనే కదా అర్థం. సంస్కృత నిఘంటువులలో "అనిమిష" శబ్దానికి దేవతలు అనీ చేపలు అనీ రెండర్థాలు చెప్పారు. ఉభయులకూ రెప్పపాటు లేదు కనుక. చేప తన పిల్లల్ని చూపుతోనే పెంచుతుందనీ, తాబేలు తలపుతోనే పెంచుతుందనీ గురుశిష్యుల సంగతి వచ్చినప్పుడు పెద్దలు ఉదాహరణగా చెబుతూంటారు. పాఠం చెప్పుకు బతుకుతున్నదాన్ని కనుక, నాకు ఆ చేపను చూస్తే అసూయ. చివరి బెంచీ వైపు నేను ఎంత తేరిపార చూసినా అక్కడ ఏదీ పెరిగిన దాఖలా లేదు.

అయితే ఇంగ్లీషులో ఆ పేరు పెట్టినవాడికి మన మీనాక్షితో నిమిత్తం లేదు. ఆయన రాబర్ట్ వుడ్ అనే అమెరికా భౌతిక శాస్త్రవేత్త. నీళ్ళలో ఉన్న చేపకు గట్టుమీది లోకం ఎలా కనిపిస్తుందా అని ఆయనకు సందేహం వచ్చింది. 1906లో దానిమీద ఒక వ్యాసం ప్రకటించి, అటువంటి దృశ్యాలకు చేపకంటి దృశ్యాలని పేరు పెట్టాడు. ఆయన వాడిన పరికరం వింటే మన ఇంట్లో పిల్లలు ఇప్పుడే మొదలుపెడతారు. ఒక బక్కెట్టు. దాని అడుగున ఫోటో ప్లేటు. సగం ఎత్తులో సూదిబెజ్జమంత రంధ్రం వెనక చిన్న లెన్సు. బక్కెట్టు నిండా నీళ్ళు. అలలు రాకుండా పైన గాజుపలక. అంతే. ఆ బక్కెట్టు తన చుట్టూ ఉన్న లోకాన్నంతా గుండ్రంగా చేసి చూపించింది.

ఇందులో కిటుకు నీటిది. గాలిలోంచి నీటిలోకి వచ్చే వెలుగు నిలువుగా వస్తే సరే, ఏటవాలుగా వస్తే లోపలికి వంగుతుంది. నీటిమట్టాన్ని రాసుకుంటూ దాదాపు అడ్డంగా వచ్చిన కిరణం కూడా లోపలికి దిగేసరికి నిలువు గీతకు 49 డిగ్రీల లోపుకే వచ్చేస్తుంది. అందువల్ల నీళ్ళలోంచి పైకి చూసే ప్రాణికి, ఈ దిగంతం నుంచి ఆ దిగంతం దాకా ఉన్న 180 డిగ్రీల లోకమూ 97 డిగ్రీల గుండ్రటి కిటికీలో సర్దుకుని కనిపిస్తుంది. ఆ కిటికీ చుట్టూ నీటిమట్టం అద్దమైపోయి, చెరువు అడుగునే తిరిగి చూపిస్తుంది. పల్లెటూళ్ళలో దిగుడుబావిలో ఈత నేర్చినవాళ్ళు, మునిగి పైకి చూసినప్పుడు మసకగానైనా ఆ వెలుగు పళ్ళెం చూసే ఉంటారు. గట్టుమీద బెత్తం పట్టుకుని నిలబడ్డ తాతగారు ఆ పళ్ళెం అంచున వంగి కనబడుతూంటాడు. తప్పించుకోవడం చేపకూ సాధ్యం కాదు.

బక్కెట్టు మోసుకుని ఎవరు తిరుగుతారు? 1922లో ఇంగ్లండులో బాండ్ అనే ఆయన నీళ్ళకు బదులు అర్ధగోళాకారపు గాజు వాడవచ్చునని చూపించాడు. 1924లో రాబిన్ హిల్ ఆకాశాన్నంతా ఒకే ఫోటోలో తీసే లెన్సును రూపొందించాడు. ఈ హిల్ తరవాత మొక్కలు వెలుగుతో ఆహారం తయారుచేసుకునే పద్ధతి మీద పరిశోధన చేసి ప్రసిద్ధుడైన హిల్‌గారే. వీళ్ళందరికీ కావలసింది మబ్బులు. వాతావరణ శాఖలవారికి ఏ మబ్బు ఎక్కడున్నదో ఒక్క చూపులో తెలియాలి. జపానులో 1938లో నికాన్ వారు చేసిన మొదటి చేపకన్ను కూడా మబ్బుల కోసమే. 1962లో వాళ్ళే మామూలు కెమేరాకు తగిలించుకునే లెన్సును అమ్మకానికి తెచ్చారు. అప్పటితో ఆకాశం చూడవలసిన కన్ను వీధిన పడింది. ఆ తరవాత ఆ కంపెనీయే 220 డిగ్రీలు చూసే లెన్సు చేసింది. అయిదు కిలోల పైన బరువు. తన వీపు వెనక కూడా కొంత చూడగలదు. అది హాస్టల్ వార్డెనుగారి చేతిలో పడకపోవడం మన పిల్లల అదృష్టం.

"అదంతా సరే, గోడలు వంకరగా వస్తే ఫోటో ఏం ఫోటో?" అంటారు మా వారు. ఈ ప్రశ్నకు జవాబు బత్తాయిలో ఉన్నది. బత్తాయి తొక్క ఒలిచి చిరగకుండా బల్లమీద సమంగా పరచండి చూద్దాం. పరవలేరు. మన చుట్టూ ఉన్న చూపు గోళం; కాగితం పలక. గోళాన్ని పలక చేసేటప్పుడు ఎక్కడో ఒకచోట సాగదీయాలి, లేకపోతే వంచాలి. ప్రపంచ పటంలో గ్రీన్‌లండు ఆఫ్రికా అంత కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు. బళ్ళో ఆ పటం చూసి పాసైన మనం, ఫోటోలో తలుపు వంగిందని దెబ్బలాడతాం!

మామూలు లెన్సు గీతలను తిన్నగా ఉంచుతుంది. అందుకు ప్రతిఫలంగా అంచులను సాగదీస్తుంది. 180 డిగ్రీలనూ తిన్నగానే చూపించాలంటే దానికి అంతులేనంత వెడల్పు కాగితం కావాలి. మీ ఫోనులో వెడల్పుగా తీసే లెన్సు ఉంటుంది చూడండి, దానితో పెళ్ళి ఫోటో తీస్తే అంచున నిలబడ్డ అక్కయ్య అమాంతం పది కిలోలు పెరగడానికి కారణం అదే. చేపకన్ను సాగదీయదు, వంచుతుంది. సరిగ్గా నడిబొడ్డు మీదుగా పోయే గీతలను మాత్రం తిన్నగా వదిలేసి, మిగిలిన వాటన్నింటినీ విల్లులా వంచుతుంది. కెమేరాను కాస్త కిందికి వంచితే దిగంతం కొండలా లేస్తుంది. పైకి ఎత్తితే అదే దిగంతం గిన్నెలా దిగుతుంది. సరిగ్గా మధ్యకు పట్టుకుంటే బుద్ధిగా ఉంటుంది. ఏది తిన్నగా ఉండాలో, ఏది వంగినా ఫరవాలేదో ముందుగానే ఎంచుకోమంటుంది. మామూలు లెన్సు ఈ ఎంపిక తానే చేసేసి మనతో చెప్పదు.

ఇక ఊరు. ఆదివారం పొద్దున్నే ఏడు గంటలకు గుల్జార్ హౌజ్ దగ్గర చేరాం. చార్మినార్‌కు ఉత్తరాన నాలుగు దిక్కులా నాలుగు కమాన్లున్న కూడలి అది. వాటిలో ఒకదాని పేరు మచ్లీ కమాన్, అంటే చేప కమాను. చేపకన్నుకు తొలి దర్శనం చేప కమాను దగ్గరే జరగాలని పిల్లల ముచ్చట. హైదరాబాదుకూ చేపకూ ఏదో సంబంధం ఉన్నది; మృగశిర కార్తెకు చేపమందు కోసం జనం బారులు తీరే ఊరు మరి.

నాలుగు కమాన్లూ ఒకే ఫోటోలో రావాలంటే ఏం చెయ్యాలి? ఎటు తిరిగి నిలబడినా ఒకటి వీపు వెనక పడుతుంది. ఉపాయం ఏమిటంటే, దేనివైపూ తిప్పకుండా కెమేరాను ఆకాశంవైపు తిప్పడం. అప్పుడు నాలుగు దిక్కులూ గుండ్రటి బొమ్మకు నాలుగు అంచుల్లో వస్తాయి. అలాగే తీశారు. వచ్చింది. మధ్య అంతా వట్టి ఆకాశం, అంచున పళ్ళెం చుట్టూ వేసిన నాలుగు వడియాల్లా నాలుగు కమాన్లు. వాటికంటే పెద్దగా, కెమేరా చుట్టూ మూగిన అయిదుగురి గడ్డాలు. దూరాన ఉన్నదాన్ని ఈ లెన్సు లెక్కచెయ్యదు. నాలుగు వందల ఏళ్ళ కట్టడమైనా సరే, దగ్గరకు వెళ్ళకపోతే వడియమే.

కనుక దగ్గరకు వెళ్ళడమే పనిగా పెట్టుకున్నాం. చార్మినార్ తెరిచాక టిక్కెట్లు కొనుక్కుని లోపల కమాన్ల కింద నిలబడి మళ్ళీ పైకి తిప్పారు. 1591లో కట్టిన ఆ కట్టడాన్ని నేను చిన్నప్పటినుంచీ బయటనుంచే చూస్తున్నాను, మీరూ అంతే; బిస్కత్తు డబ్బామీదా కాలెండరుమీదా చూసిన బొమ్మ అదే. కిందనుంచి నిట్టనిలువుగా ఒక్క ఫోటో చూసేసరికి కొత్తగా అనిపించింది. నడుమ కప్పు చీకటిగా గుండ్రంగా, దాని చుట్టూ నాలుగు కమాన్లు నాలుగు వెలుగు రేకులు. పువ్వు. మామూలు లెన్సుకు దొరికేది ఒక రేకు, మహా అయితే రేకున్నర.

ఈ పువ్వు చూసినప్పుడు నాకు రాజా దీన్ దయాళ్ గుర్తుకొచ్చాడు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ దర్బారు ఫోటోగ్రాఫరు, సికింద్రాబాదులో స్టూడియో పెట్టి 1905లో పోయేదాకా ఈ సంస్థానపు వైభవాన్ని గాజు పలకల మీదికి ఎక్కించినవాడు. ఆయన రూర్కీలో చదివిన ఇంజనీరు. ఆయన ఫోటోల్లో స్తంభం నిలువుగా ఉంటుంది, మెట్టు అడ్డంగా ఉంటుంది, నవాబులు నవాబుల్లా ఉంటారు. ఎవరు కనపడకూడదో వారు కనపడరు. అంత పెద్ద పెట్టె కెమేరాతో, అన్నీ సర్దుకుని తీసేవాడికి ఏది చట్రం బయట ఉంచాలో తెలుసు. నిజానికి ఫోటో కళలో సగం ఈ బయట ఉంచడమే. కరెంటు తీగ రాకుండా ఒక అడుగు పక్కకు జరుగుతాం. చెత్తకుండీ రాకుండా కాస్త పైకి ఎత్తుతాం. చేపకన్నుతో ఈ సగం కళ పోతుంది. తీసేవాడి నీడ వస్తుంది, చెప్పు వస్తుంది, సంచీ పట్టుకుని పక్కన నిలబడ్డ తెలుగు లెక్చరరు వస్తుంది. జానెడు దూరం నుంచి అనంతం దాకా అన్నీ స్పష్టంగానే ఉంటాయి కనుక, మసక చేసి దాచే వీలూ లేదు.

లాడ్ బజారులో గాజుల దుకాణం ఒకటి బొమ్మకు బాగుంటుందని వెళ్ళారు. మామూలు లెన్సుతో అయితే వీధికి అవతల నిలబడి, అమ్మే ఆవిడకు తెలియకుండా తీసి జారుకునేవాళ్ళు. ఇప్పుడు అలా కుదరదు. ఆవిడ ముఖానికి మూరెడు దూరంలో కెమేరా పెడితేగాని ఆవిడ ముఖం ముఖంలా రాదు. మా కుర్రాడు మొహమాటపడుతూ అడిగాడు. ఆవిడ నవ్వింది. "రోజూ మస్తుమంది తీస్తరు బిడ్డా. దూరంకెల్లి తీసెటోళ్ళు ఎవ్వరడగరు. దగ్గరికొచ్చెటోళ్ళే అడుగుతరు" అన్నది. అని, తలమీద కొంగు సర్దుకుని, "గాజులన్నీ రావాలె మరి" అన్నది. అన్నీ వచ్చాయి. ఎడమ గోడా కుడి గోడా రెండూ విల్లుల్లా వంగి ఆవిడ చుట్టూ పెద్ద గాజులా చుట్టుకున్నాయి. ఆ రోజు తీసినవాటిలో నాకు నచ్చినది అదే అని అప్పటికి అనుకున్నాను.

మొజంజాహీ మార్కెట్టు దగ్గర ఐస్‌క్రీము తినడానికి ఆగాం, ఫోటో మాట ఎవరూ ఎత్తలేదు. అక్కణ్ణుంచి ఆటోల్లో సికింద్రాబాదు, బన్సీలాల్‌పేట మెట్లబావికి.

ఈ బావి దశాబ్దాలపాటు చెత్తతో పూడిపోయి, 2022లో తిరిగి బావి అయింది. నాలుగు వైపులా రాతి మెట్లు, అంచెలంచెలుగా అరుగులు, అడుగున నీళ్ళు. కిందికి దిగి పైకి తీశారు. ఒక వరుస మీద ఒక వరుసగా రాళ్ళన్నీ వంగి, ఆకాశం ఉబ్బిన దిండులా మధ్యన నిలిచింది. పైగట్టున ఎవరో పిల్లలు మమ్మల్ని చూడడానికి వంగారు. వాళ్ళ తలలు ఆకాశపు దిండుకు కుట్టిన గుండీల్లా వచ్చాయి. వుడ్‌గారు బక్కెట్టులో ఏ చేప చూపు వెతికారో అది బావి అడుగున మెట్లమీద కూర్చుంటే ఉత్తినే దొరికింది.

అక్కడికి నాలుగు సందుల అవతలే మా పిన్ని ఇల్లు. మా అమ్మకు పినతండ్రి కూతురు. పాతకాలపు ఇల్లు; నడుమ చిన్న వాకిలి, దాని చుట్టూ నాలుగు స్తంభాల వసారా, ఒక మూల తులసికోట, ఎదురు మూల వంటింటి గడప. ఇల్లు బిల్డరుకు ఇచ్చేశారు. శ్రావణం రాకముందే ఖాళీ చెయ్యాలి, అయిదంతస్తులు లేస్తాయి, పిన్ని అప్పటిదాకా కొండాపురంలో పెద్దన్నయ్య దగ్గర ఉంటుంది. ఆ ఆదివారం అందరూ అక్కడ భోజనానికి చేరారు. కెమేరాల పిల్లల్ని కూడా తీసుకురమ్మని నాకు కబురు.

ఇంటికి ఫోటోలు అంతకుముందే తీయించారట. వచ్చినతను వాకిట్లో గోడకు వీపు ఆనించి ఎంత వెనక్కి జరిగినా ఒక పక్కే వస్తోందని, నాలుగు వైపులకూ నాలుగు ఫోటోలు తీసి వెళ్ళాడు. ఆల్బం చూపించి పిన్ని అన్నది: "గోడలన్నీ వచ్చాయే. ఇల్లు రాలేదు."

మా కుర్రాడు తులసికోట పక్క మూలన నిలబడ్డాడు. అందరూ ఎదురుగా సర్దుకున్నారు. మధ్యన కుర్చీలో పెద్ద బావగారు. ఇంటికి పెద్దల్లుడు మధ్యలో కాక ఎక్కడ కూర్చుంటాడు? పక్కన పిన్ని. అటూ ఇటూ కొడుకులు, కోడళ్ళు. చివరి కోడలు ఎప్పటిలాగే అందరికీ చోటిచ్చి చివర. ఫోటో కెమేరా వెనక తెరమీద చూపించగానే నవ్వులు. బావగారి పొట్ట ఈ ఇంటికి అయిదో స్తంభంలా ముందుకు వచ్చింది. చివర నిలబడ్డ కోడలు సన్నగా, వసారా స్తంభంతోపాటు అందంగా వంగి, గుడిగోడమీది సాలభంజికలా ఉన్నది. ఇకమీదట చివరి చోటు కోసం తోటికోడళ్ళలో పోటీ తప్పదు.

నవ్వులు ఆగాక పెద్దన్నయ్య కళ్ళజోడు సవరించుకుని ఒక మూలకు వేలు పెట్టాడు. "ఇదెవరు?"

పనిచేసే ఆవిడ. ఫోటో అనగానే అలవాటు ప్రకారం వంటింటి గడప అవతలికి తప్పుకుని, తలుపు రెక్క పక్కన నిలబడింది. ఇరవై రెండేళ్ళుగా ఆ ఇంట్లో పెళ్ళిళ్ళకు, బారసాలలకు, బాబాయి పోయిన రోజుకు అంట్లు తోమింది. ఆల్బములు తిరగేస్తే ఎక్కడా కనపడదు. మామూలు లెన్సుకు ఎంత తప్పుకోవాలో ఆవిడకు అంగుళాలతో సహా తెలుసు. ఈ లెన్సు సంగతి తెలియదు.

"ఆ మూల కత్తిరించేస్తే సరిపోతుంది" అన్నాడు అన్నయ్య. ఏమీ దురుద్దేశం లేదు. కరెంటు తీగ గురించి మనం అన్నట్టే అన్నాడు. మా కుర్రాడు, "గుండ్రటి బొమ్మండీ. ఆ మూల తీస్తే గడప పోతుంది, వసారా కొసా పోతుంది, అక్కయ్యగారి భుజం పోతుంది" అన్నాడు. కుర్రవాడికి తెలివి ఉన్నది. నా దగ్గర తెలుగు చదివిన రోజుల్లో బయటపడలేదు.

పిన్ని ఏమీ అనలేదు. కాసేపటికి, "ఇలా వరసలు కట్టి కాకుండా ఇంకోలా ఏదైనా వస్తుందా?" అని అడిగింది. బావి అడుగున తీసిన బొమ్మ చూపించాం. ఆవిడకు నచ్చింది.

కెమేరాను వాకిలి నట్టనడుమ నేలమీద వెల్లకిలా పడుకోబెట్టారు. పది సెకన్ల గడువు పెట్టారు. అందరూ చుట్టూ గుండ్రంగా నిలబడి లోపలికి కాస్త వంగాలి. ఇందులో మధ్య చోటు లేదు. మధ్యన ఉన్నది వాకిటిమీది ఆకాశం. బావగారు ఎక్కడ నిలబడాలో కొంచెంసేపు తోచక రెండు ప్రదక్షిణాలు చేశారు. పిన్ని తులసికోటవైపు కుర్చీలో కూర్చున్నది. కూర్చుని, వంటింటివైపు చూసి ఆవిడను పిలిచింది. ఆవిడ చేతులు కొంగుకు తుడుచుకుంటూ గడప దగ్గరే ఆగింది. "నేనెందుకమ్మా" అన్నది. "ఆ వైపు ఖాళీగా ఉంటే బొమ్మ చెడిపోతుందిట. నువ్వు నిలబడు" అన్నది పిన్ని. చెడిపోతుందని ఎవరూ చెప్పలేదు. ఆవిడ వచ్చి సరిగ్గా పిన్నికి ఎదురుగా నిలబడింది.

ఫోటో చూశాక ఆవిడ, "నాకొకటి ఇస్తరా అమ్మా" అని అడిగింది. తరవాత చాలాసేపటికి, అంట్ల దగ్గర, కొండాపురం ఎన్ని బస్సులు మారాలో నన్ను అడిగింది. చెప్పాను. లెక్క వేసుకుని ఊరుకున్నది.

ఫోటోలు పెద్దవి చేయించాం. చట్రం కట్టే అతను బొమ్మను అటూ ఇటూ తిప్పి, "దీనికి పై వైపు ఏది?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. చుట్టూ నిలబడ్డవాళ్ళందరి కాళ్ళూ అంచువైపు, తలలు మధ్యకు. ఎవరిని నిటారుగా నిలబెడితే వాళ్ళ ఎదుటివాళ్ళు తలకిందులవుతారు. పిన్ని ఆలోచించి చదరపు చట్రం కట్టించి, నాలుగు వైపులా నాలుగు కొక్కేలు పెట్టించింది. కొండాపురంలో హాలు గోడకు ఉన్నది ఇప్పుడు. వారానికొకసారి ఒక మలుపు తిప్పుతుంది. బావగారు వచ్చే వారం ఆయన నిటారుగా ఉండేటట్టు చూసుకుంటారు కాబోలు, ఇంతవరకూ మాట రాలేదు.

రెండో ప్రతి ఇవ్వడానికి మొన్న ఆవిడ ఇంటికి వెళ్ళాను. ఒకటే గది. ఆవిడ కొడుకు అప్పటికప్పుడు మేకు కొట్టాడు. ఆవిడ చట్రాన్ని చేతుల్లో ఒకసారి పూర్తిగా తిప్పి చూసుకుని, తనకు కావలసిన వైపు పైకి పెట్టి తగిలించింది. అందులో ఆవిడ వంటింటి గడప ముందు నిటారుగా నిలబడి ఉన్నది. అవతల అంచున మా పిన్ని, కుర్చీతో సహా, తలకిందులుగా నవ్వుతూ ఉన్నది.